బవేరియా, మెటారైజియం ప్యాకెట్లలో ఏముందో రైతుకు చెప్పండి

కేంద్ర పురుగుమందుల బోర్డు, రిజిస్ట్రేషన్ కమిటీ సభ్యులకు,
తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ శాఖల అధికారులకు,
వ్యవసాయ విశ్వవిద్యాలయాల శాస్త్రవేత్తలకు,

నమస్కారం.

మేం ఖమ్మం జిల్లాలో మిర్చి, పత్తి, మొక్కజొన్న వేసే రైతులం. బవేరియా, మెటారైజియం లాంటి, పురుగును చంపే శిలీంధ్రాలను (బూజులను) జీవ మందులుగా మా పొలాల్లో వాడుతున్నాం. మా సంఘం గదిలో సొంత వాడకానికి కొంత తయారు కూడా చేసుకుంటున్నాం. రసాయన మందులు కొట్టీ కొట్టీ అప్పులపాలై, ఒళ్లు పాడుచేసుకుని ఇటు వచ్చినవాళ్లం. అందుకే మొదటే చెబుతున్నాం, ఈ లేఖ జీవ మందులకు వ్యతిరేకం కాదు. ఎక్కడో ఒక చెడ్డ బ్యాచ్ వల్ల ఎవరికైనా ఏదైనా అయితే రేపు మొత్తం జీవ మందుల మీదే నమ్మకం పోతుందన్న భయంతో రాస్తున్నాం.

మా ప్రశ్న చిన్నది. బవేరియా గానీ, మెటారైజియం గానీ, వర్టిసీలియం గానీ, ఐసేరియా గానీ, మేం షాపులో కొనే ప్యాకెట్‌లో శిలీంధ్ర బీజాలతో పాటు ఆ శిలీంధ్రం తయారుచేసే విష పదార్థాలు ఎంత ఉన్నాయి? వేరే బూజులు ఏమైనా కలిశాయా? ఎవరు పరీక్ష చేశారు? ఆ ఫలితం మేం ఎక్కడ చూడాలి?

ఈ ప్రశ్నతోనే అర్జీలు ఇచ్చాం. ఒక ఆఫీసులో ఇది మా పరిధి కాదన్నారు. ఇంకో ఆఫీసులో పైకి పంపామన్నారు, పైనుంచి ఏమీ రాలేదు. సమాచార హక్కు చట్టం కింద అడిగితే కంపెనీల వ్యాపార రహస్యమంటూ సెక్షన్ 8(1)(డి) చూపించారు. ప్రజా ప్రయోజనం అంతకంటే పెద్దదైతే సమాచారం ఇవ్వొచ్చని అదే సెక్షన్‌లో ఉంది. ఈ పొడి పీల్చే కూలీ ఆరోగ్యం ప్రజా ప్రయోజనం కాకపోతే ఇంకేది అవుతుందో చెప్పండి. ఆ ఆఫీసుల పేర్లు ఇక్కడ రాయడం లేదు. ఒకరిని వేలెత్తి చూపితే మిగతా అందరూ చేతులు దులుపుకుంటారు.

విషయం ఏమిటంటే

ఈ శిలీంధ్రాలు పురుగును ఎలా చంపుతాయో మీకు మేం చెప్పక్కర్లేదు. తోటి రైతుల కోసం నాలుగు మాటలు రాస్తున్నాం. బీజం పురుగు ఒంటికి అంటుకుంటుంది. తేమ దొరికితే మొలకెత్తి, పైచర్మాన్ని కరిగించుకుంటూ లోపలికి దూరుతుంది. లోపల పెరుగుతూ, పురుగుకు తట్టుకునే శక్తి లేకుండా చేయడానికి కొన్ని విషాలు వదులుతుంది. నాలుగు రోజుల నుంచి వారం పది రోజుల్లో పురుగు బిగుసుకుపోయి చస్తుంది. గాలిలో తేమ ఉంటే ఒంటి మీద బూజు పూస్తుంది, బవేరియా అయితే తెల్లగా, మెటారైజియం అయితే పచ్చగా. 2018లో కత్తెర పురుగు మన దేశంలోకి వచ్చాక, వానలు బాగా పడ్డ రోజుల్లో మొక్కజొన్న సుడుల్లో లేత పచ్చ బూజు పట్టి బిగుసుకుపోయిన పురుగులు చాలామంది రైతులకు కనిపించాయి. అది మెటారైజియం రిలేయి పని. ఎవరూ కొట్టకుండానే వచ్చింది.

ఇక విషాల సంగతి. మెటారైజియం తయారుచేసే వాటిలో ముఖ్యమైనవి డిస్ట్రక్సిన్లు. జపాన్‌లో 1961లో వీటిని వేరుచేశారు. అవి విషమని మొదట తెలిసింది పట్టుపురుగుల మీద. బవేరియా అయితే బవెరిసిన్, బాసియానొలైడ్, ఎర్రరంగులో ఉండే ఊస్పొరీన్ లాంటివి తయారుచేస్తుంది. బవెరిసిన్‌ను బవేరియా ఒక్కటే చేయదు, ధాన్యానికి పట్టే ఫ్యుజేరియం బూజులు కూడా చేస్తాయి. ఈ మాట గుర్తుపెట్టుకోండి, కిందికి వచ్చేసరికి మళ్లీ అవసరపడుతుంది.

ఈ పేర్లు రాశామని ఎవరూ కంగారు పడొద్దు. విషం తయారుచేసే శక్తి ఉండటం వేరు, పొలంలో మనిషికి హాని చేసేంత మోతాదులో ఉండటం వేరు. మెటారైజియం సోకి చచ్చిన పురుగుల్లో డిస్ట్రక్సిన్లు చావు సమయానికి ఎక్కువగా ఉండి, తర్వాత కొద్ది రోజుల్లోనే విరిగిపోతాయని ప్రయోగాల్లో తేలింది. ఆస్ట్రియాలో నేలలోని పెంకుపురుగుల కోసం బవేరియా జాతికే చెందిన ఇంకో శిలీంధ్రాన్ని వాడిన చోట బంగాళాదుంపల్లో ఊస్పొరీన్ కోసం వెతికారు, దొరకలేదు. ఆఫ్రికాలో మిడతల మీద కొట్టే మెటారైజియం అక్రిడమ్‌కు డిస్ట్రక్సిన్లు తయారుచేసే జన్యువులే లేవు. అంటే స్ట్రెయిన్‌ను (శిలీంధ్రంలోని ఉపరకాన్ని) బట్టి, తయారీ పద్ధతిని బట్టి విషం ఉండొచ్చు, ఉండకపోవచ్చు, కొంచెం ఉండొచ్చు, చాలా ఉండొచ్చు. ‘బవేరియా సురక్షితం’ అని పేరు మీద తీర్పు చెప్పడం కుదరదు. ఏ స్ట్రెయిన్, ఎలా పెంచినది, ఏ బ్యాచ్ అన్నది చెప్పి, అప్పుడు సురక్షితం అనాలి. ఈ లేఖలో మేం అడిగేదంతా ఈ ఒక్క మాట మీదే నిలబడి ఉంది.

యూరప్‌లో ఈ ప్రశ్నను ఇరవై ఏళ్ల కిందటే పట్టించుకున్నారు. పురుగుల్ని చంపే శిలీంధ్రాల విషాలు నేలలోకి, పంటలోకి, తిండిలోకి చేరతాయా అని చూడటానికి యూరోపియన్ యూనియన్ డబ్బు పెట్టి పలు దేశాల శాస్త్రవేత్తలతో ప్రత్యేకంగా ప్రాజెక్టు నడిపించింది. 2014లో యూరప్ ఆహార భద్రతా సంస్థ ఆహారంలోని బవెరిసిన్ మీద అభిప్రాయం ఇచ్చింది. ఒక్కసారి తింటే భయపడాల్సిందేమీ కనిపించలేదని, రోజూ కొద్దికొద్దిగా లోపలికి పోతే ఏమవుతుందో చెప్పడానికి తగినంత సమాచారం లేదని రాసింది. 2022లో సూక్ష్మజీవుల మందులకు అక్కడ రూల్స్ మార్చి, ఆందోళన కలిగించే పదార్థాలు ఏమున్నాయో కంపెనీయే గుర్తించి చూపాలని పెట్టారు. మన దగ్గర బీటీ బ్యాక్టీరియా మందుల్లో బీటా ఎక్సోటాక్సిన్ అనే విషం ఉండకూడదన్న షరతు ఎప్పటినుంచో ఉంది. శిలీంధ్రాల మందు మా చేతికి వచ్చేసరికి లేబుల్ మీద విషాల గురించి ఒక్క ముక్క కూడా కనిపించదు.

మామూలు జనం మీద పడేది

1. పొడి కలిపే మనిషి. దగ్గరగా చూస్తే ఇలా ఉంటుంది. కిలో ప్యాకెట్ మూల పళ్లతో కొరికి చింపుతారు. బకెట్‌లోకి వంచగానే తెల్లటి పొడి ముఖం మీదికి లేస్తుంది. కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని, మోచేతి దాకా చెయ్యి పెట్టి ఉండలు కట్టకుండా కలుపుతారు. చాలా చోట్ల ఈ పని ఆడవాళ్లది. తర్వాత ఆ నీళ్లు తైవాన్ పంపులోకి పోతాయి. గ్రాములో కనీసం 10 కోట్ల బీజాలుండాలన్నది మీ ప్రమాణమే. అంటే కిలో ప్యాకెట్‌లో పది వేల కోట్లు. లీటరుకు 5 గ్రాముల లెక్కన 200 లీటర్లకు ఆ కిలో అంతా ఒక్క మనిషి ముఖం ముందే కలుస్తుంది.

బవేరియా బీజాల వల్ల అలర్జీ వస్తుందన్నది శాస్త్రవేత్తలకు తెలిసిన విషయమే. ఆస్తమా ఉన్న మనిషికి మామూలు దుమ్ము పీల్చినా ఇబ్బందే. రసాయన మందు డబ్బా మీద పుర్రె గుర్తో, ఎర్ర త్రికోణమో చూసి మా వాళ్లు కనీసం తువ్వాలైనా కట్టుకుంటారు. జీవ మందు అనగానే అదీ తీసేస్తారు. ఒక అవగాహన సదస్సులో వచ్చిన పెద్దమనిషి చిటికెడు పొడి నాలుక మీద వేసుకుని, ‘చూశారా, తిన్నా ఏమీ కాదు’ అన్నారు. జనం చప్పట్లు కొట్టారు. ఆయన ఉద్దేశం మంచిదే, రసాయనాల నుంచి మమ్మల్ని బయటికి తేవాలన్న తపన ఆయనది. కానీ ఒకసారి చిటికెడు మింగడం, సీజన్ అంతా కూలికి పోయి రోజూ పీల్చడం ఒకటి కాదు. ఆ సదస్సు తర్వాత మాస్కు కట్టుకోమని మా కూలీలకు చెబితే వినిపించుకున్నవాళ్లు లేరు.

2. కన్ను. దక్షిణ భారతంలో పొలం పనులు చేసేవాళ్లకు నల్లగుడ్డు మీద శిలీంధ్రాల పుండ్లు పడటం కంటి డాక్టర్లకు కొత్త కాదు. వాటిలో ఎక్కువ భాగం ఫ్యుజేరియం, ఆస్పర్జిల్లస్ వల్ల వచ్చేవే. బవేరియా వల్ల, మెటారైజియం వల్ల కూడా అలాంటి కేసులు ప్రపంచంలో అరుదుగా నమోదయ్యాయి. అరుదైనవే, ఒప్పుకుంటాం. కానీ మందు తుంపర కంట్లో పడి ఎర్రబడితే ఊళ్లో ఆర్‌ఎంపీ స్టెరాయిడ్ చుక్కలు రాసిస్తాడు. శిలీంధ్రం పట్టిన కంట్లో స్టెరాయిడ్ వేస్తే పుండు ముదురుతుంది. ‘కంట్లో పడితే శుభ్రమైన నీటితో కడగండి, తగ్గకపోతే ఇది శిలీంధ్రపు మందు అని డాక్టరుకు చెప్పండి’ అని లేబుల్ మీద తెలుగులో ఒక్క వాక్యం వేస్తే కొన్ని కళ్లు నిలబడతాయి.

3. పచ్చ బూజు. మాకు ఎక్కువ టెన్షన్ పెట్టేది ఇదే, అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాం.

చిన్న యూనిట్లలో ఈ శిలీంధ్రాలను పెంచేది ఉడికించిన నూకల మీద, జొన్నల మీద. పాలిప్రొపిలీన్ సంచుల్లో నూకలు పోసి, కుక్కర్‌లో ఆవిరి పట్టి, చల్లారాక మూలవిత్తనం (ముందే పెంచి ఉంచిన శుద్ధమైన శిలీంధ్రం) కలిపి, నీడన పెడతాం. రెండు వారాలయ్యేసరికి బవేరియా సంచి తెల్లగా, మెటారైజియం సంచి ముదురు పచ్చగా మారాలి. ఆవిరి సరిగ్గా పట్టకపోయినా, కలిపేటప్పుడు చెయ్యి శుభ్రంగా లేకపోయినా అదే సంచిలో ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్ అనే వేరే బూజు పడుతుంది. దాని రంగు పసుపు కలిసిన పచ్చ. అలవాటున్న కన్ను పట్టుకుంటుంది. కొత్తగా వచ్చిన పిల్లాడు సాయంత్రం వెలుగులో చూస్తే మెటారైజియం బాగా పూసిందని సంతోషపడతాడు. బవేరియా సంచిలో పచ్చమచ్చ వెంటనే దొరికిపోతుంది, మెటారైజియం సంచిలో పచ్చ మీద పచ్చ కనపడదు.

ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్ చేసే విషం అఫ్లాటాక్సిన్. కాలేయ కేన్సర్ తెచ్చే విషాల్లో అది పేరుమోసినది. నూకలు, తేమ, వెచ్చదనం, మూడూ దానికి ఇష్టమైనవే. అలాంటి సంచిలోని పొడిని మిర్చి తోట మీద కొడితే ఏమవుతుంది? మన మిర్చి యూరప్‌కు వెళ్లేటప్పుడు అఫ్లాటాక్సిన్ కోసం ప్రత్యేకంగా తనిఖీ చేస్తారు. అక్కడి పరిమితి బి1 రకానికి కిలోకు 5 మైక్రోగ్రాములు, మొత్తానికి 10. కల్లంలో మంచు పడితే, కాయ సరిగ్గా ఆరకపోతేనే మాకు అఫ్లాటాక్సిన్ గండం ఉంది. పురుగు కోసం కొట్టిన మందులోంచే ఆ బూజు బీజాలు కాయ మీదికి చేరితే ఎవరిని అడగాలి?

మీ మార్గదర్శకాల్లో సాల్మొనెల్లా, షిగెల్లా, విబ్రియో, ఈ-కోలి లాంటివి ఉండకూడదని ఉంది. మంచిదే. ఇతర సూక్ష్మజీవులు గ్రాముకు 10,000కు మించకూడదని ఉంది. ఆ పది వేలూ ఏ బూజువి? హాని లేని బూజు పది వేలు, ఆస్పర్జిల్లస్ పది వేలు ఒకటే ఎలా అవుతాయి?

4. లిక్విడ్ డబ్బాలు. నూకల మీద పెంచి, ఆరబెట్టి, జల్లెడ పట్టిన బీజాల్లో విషాలు తక్కువగా ఉంటాయి. నీళ్లలో పెంచితే డిస్ట్రక్సిన్ల లాంటివి ఆ నీళ్లలోకే వదులుతాయి. ఆ ద్రవాన్ని వేరు చేయకుండా అలాగే డబ్బాల్లో నింపి అమ్మితే రైతు కొనేది బీజాలూ, విషమూ రెండూ. కొందరు తయారీదారులకు ఇది తెలుసు. ‘పొడి కంటే లిక్విడ్ స్పీడుగా పనిచేస్తుంది’ అని వాళ్లు చెప్పేదాంట్లో కొంత నిజం ఉండటానికి ఇదీ ఒక కారణం కావొచ్చు. దీన్ని ఎవరైనా కొలిచారా?

ఈ మధ్య ఒక లీటరు డబ్బా తెచ్చి, బెల్లం, పిండి కలిపిన డ్రమ్ములో పోసి, 200 లీటర్లు చేసుకోమని చెప్పేవాళ్లు కూడా ఎక్కువయ్యారు. మూత సరిగ్గా లేని డ్రమ్ములో, పశువుల కొట్టం పక్కన, బెల్లం నీళ్లలో బవేరియా ఒక్కటే పెరుగుతుందని ఎలా నమ్మాలి? ఏదో ఒకటి పెరిగి నురగ వస్తుంది, రైతు అది మందే అనుకుంటాడు. దీన్ని వద్దని గట్టిగా చెప్పాల్సింది మీరు.

5. పట్టు రైతు. ఇది మా జిల్లా సమస్య కాదు, కానీ రాయకుండా ఉండలేం. హిందూపురం, మడకశిర, పలమనేరు, కుప్పం వైపు పట్టు రైతులు సున్నకట్టు రోగం అనేది ఇదే బవేరియా. పట్టుపురుగు తెల్లగా, గట్టిగా, సున్నపు ముద్దలా అయిపోతుంది. ఇటలీలో అగొస్తినో బాసీ 1835లో పట్టుపురుగుల మీదే ఈ రోగానికి బూజు కారణమని నిరూపించాడు, అందుకే దానికి బవేరియా బాసియానా అని ఆయన పేరు వచ్చింది. పక్క చేనులో టమాటా రైతు బవేరియా కొడితే గాలికి మల్బరీ ఆకు మీద పడుతుంది. ఆ ఆకు షెడ్డులోకి పోతే నాలుగో జ్వరం (పురుగు చివరిసారి కుబుసం విడిచే దశ) దాటిన పంట కళ్లముందే పోతుంది. ఇద్దరూ రైతులే, ఇద్దరిదీ తప్పు లేదు. మల్బరీ తోటకు ఎంత దూరం ఉండాలో, ఏ కాలంలో కొట్టకూడదో ఇద్దరికీ ఎవరూ చెప్పకపోవడమే తప్పు.

6. కోళ్లు, మొక్కజొన్న. ఊస్పొరీన్ ఎక్కువ మోతాదులో తిన్న కోడిపిల్లలకు మూత్రపిండాలు దెబ్బతిని గౌట్ అనే జబ్బు వచ్చినట్టు ప్రయోగాల్లో ఉంది. అక్కడ పెట్టిన మోతాదు పెద్దది, విషం వచ్చింది వేరే బూజు నుంచి. మొక్కజొన్న మీద బవేరియా కొట్టినంత మాత్రాన కోళ్లకు అలా అవుతుందని మేం అనడం లేదు. కానీ మన రెండు రాష్ట్రాల్లో మొక్కజొన్న ఎక్కువగా పోయేది కోళ్ల దాణాలోకే. రేపు ఏ దాణాలోనో బవెరిసిన్ బయటపడితే అది ఫ్యుజేరియం నుంచి వచ్చిందా, మేం కొట్టిన బవేరియా నుంచి వచ్చిందా అన్నది తేల్చేవాళ్లు ఉండరు. ఇప్పుడు కొట్టని చేలల్లో ఎంత ఉందో కొలిచి పెట్టుకోకపోతే, చేయని తప్పు జీవ మందుల నెత్తిన పడుతుంది. పైన గుర్తుపెట్టుకోమన్నది ఇందుకే.

7. బయోల పేరుతో వచ్చేవి. 2021–22లో మిర్చి మీద నల్ల తామర పురుగు పడ్డప్పుడు మా దగ్గర ఎవరు ఏది ఇస్తే అది కొట్టాం. పూత రాలిపోతుంటే రైతు లేబుల్ చదవడు. బవేరియా అని రాసిన డబ్బా కొట్టిన గంటకే పురుగు రాలిందని కొందరు మురిసిపోయారు. శిలీంధ్రం గంటలో చంపదు. గంటలో చచ్చిందంటే ఆ డబ్బాలో రసాయనం ఉందనే అనుమానం. అలాంటివి కొట్టిన తోటలోకి ఆ మర్నాడే కోత కూలీలు దిగుతారు, ఎందుకంటే అది ‘బయో’ కదా, ఆగాల్సిన రోజులు లేవు కదా. విషం తాగినట్టు వాంతులతో ఆసుపత్రికి పోతే, ఏం కొట్టారని డాక్టరు అడుగుతాడు. బవేరియా అంటాం. ఆయన విరుగుడు ఏమిచ్చేది?

మేం అడుగుతున్నవి

1. రిజిస్టర్ అయిన ప్రతి శిలీంధ్ర మందుకూ స్ట్రెయిన్ పేరు, అది ఏ విష పదార్థాలు తయారుచేస్తుంది, అమ్మే సరుకులో అవి ఎంత ఉన్నాయి, మనిషి ఒంటి వేడి దగ్గర ఆ స్ట్రెయిన్ పెరుగుతుందా లేదా, ఈ నాలుగూ జనానికి అందుబాటులో పెట్టండి. తయారీ కిటుకులు మాకు అక్కర్లేదు, అవి కంపెనీ దగ్గరే ఉంచుకోమనండి. నీళ్లలో పెంచి అమ్మే లిక్విడ్ మందులకు ఈ లెక్క విడిగా ఉండాలి.

2. ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్ ఉన్న బ్యాచ్‌ను మొత్తంగా తిరస్కరించే షరతు పెట్టండి. ఇందులో గ్రాముకు ఇంత అన్న సడలింపు వద్దు. నూకల మీద పెంచిన ప్రతి బ్యాచ్‌కూ అఫ్లాటాక్సిన్ పరీక్ష జరగాలి. గుంటూరులో స్పైసెస్ బోర్డు ల్యాబ్ ఉంది, రాజేంద్రనగర్‌లో పురుగుమందుల అవశేషాలు చూసే ల్యాబ్ ఉంది. మిర్చికి చేస్తున్న పరీక్షే ఇది, కొత్తగా కనిపెట్టాల్సిందేమీ లేదు.

3. పరీక్షల ఖర్చు చిన్న యూనిట్ల మీద వేయకండి. ఇది మాకు చాలా ముఖ్యం. రూల్ పెట్టి, ఫీజు రైతు సంఘాల నెత్తిన రుద్దితే మహిళా సంఘాలు, రైతు సంఘాలు నడిపే యూనిట్లు మూతపడతాయి, పెద్ద కంపెనీల డబ్బాలే మిగులుతాయి. స్ట్రెయిన్ విషాల పరీక్ష ఒకసారి చేస్తే ఏళ్ల తరబడి పనికొస్తుంది. ఆ పని ప్రభుత్వ సంస్థలే చేసి, పరీక్షించిన మంచి మూలవిత్తనాన్ని మాకు తక్కువ ధరకు ఇవ్వాలి. బెంగళూరులోని జాతీయ కీటక వనరుల బ్యూరో ఐసేరియా స్ట్రెయిన్‌ను ఇచ్చి, అంబాజీపేట ఉద్యాన పరిశోధన స్థానంలో పెంచి, కొబ్బరి మీద వచ్చిన సర్పిలాకార తెల్లదోమకు కోనసీమ రైతులకు అందించిన పద్ధతి మన కళ్ల ముందే ఉంది. మెటారైజియం, బవేరియాలకు కూడా అలాగే చేయండి.

4. లేబుల్ మీద తెలుగులో, కంటికి ఆనే అక్షరాల్లో ఇవి ఉండాలి: ముక్కుకు మాస్కు, చేతికి గ్లౌజు, కంటికి అద్దాలు, కంట్లో పడితే ఏం చేయాలి, మల్బరీ తోటలకు ఎంత దూరం, తయారీ తేదీ, ఏ వేడిలో నిల్వ ఉంచాలి. మే నెలలో రేకుల షెడ్డు గోదాములో ఉడికిన ప్యాకెట్‌లో బవేరియా చచ్చిపోతుంది. రైతుకు అమ్మేది ఆ చచ్చిన పొడినే.

5. ‘తిన్నా ఏమీ కాదు’ అనే మాట సదస్సుల్లో, రైతు వేదికల్లో, రైతు సేవా కేంద్రాల్లో ఆపించండి. వ్యవసాయ విస్తరణ అధికారులకు (ఏఈఓలకు), గ్రామ వ్యవసాయ సహాయకులకు రాతపూర్వకంగా చెప్పండి. దానికి బదులు ‘రసాయనాల కంటే చాలా మేలు, అయినా ముక్కుకు గుడ్డ కట్టుకోండి’ అనమనండి. మా వాళ్లకు ఆ రెండూ ఒకేసారి అర్థమవుతాయి.

6. హైదరాబాద్‌లోని జాతీయ మొక్కల ఆరోగ్య యాజమాన్య సంస్థ పొలం దగ్గరే జీవ మందుల తయారీ మీద శిక్షణ ఇస్తోంది. ఆ శిక్షణలో కలుషితమైన సంచిని గుర్తుపట్టడం, దాన్ని తెరవకుండానే ఆవిరి పట్టి పారేయడం, సంచులు దులిపేవాళ్ల ఊపిరితిత్తుల జాగ్రత్త, వీటికి ఒక రోజు కేటాయించండి. డ్రమ్ములో బెల్లంతో పెంచే పద్ధతి మీద స్పష్టమైన ప్రకటన ఇవ్వండి.

7. మిర్చి, మొక్కజొన్నల్లో బవెరిసిన్, డిస్ట్రక్సిన్లు, ఊస్పొరీన్ ఇప్పుడు ఎంత ఉన్నాయో కొట్టిన చేలల్లో, కొట్టని చేలల్లో రెండిట్లో కొలిచి, ఫలితం ఏదైనా సరే ప్రచురించండి. నమూనాలు మా పొలాల నుంచి ఉచితంగా ఇస్తాం.

8. బయో పేరుతో రసాయనం కలిపి అమ్మినవాళ్ల మీద 1968 పురుగుమందుల చట్టం కింద కేసులు పెట్టండి. షాపువాడికి జరిమానా వేసి వదిలేయకుండా తయారీదారు దాకా వెళ్లండి. శాంపిల్ ఫలితం వచ్చేదాకా ఆ బ్యాచ్ అమ్మకం ఆపండి. ఇప్పుడు ఫలితం వచ్చేసరికి సరుకంతా మా చేలల్లో అయిపోతోంది.

9. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో మందు కొట్టి అనారోగ్యం పాలైనవాళ్ల వివరాల్లో జీవ మందుల వాడకం కూడా రాయించండి. రాయకపోతే ఎప్పటికీ ‘ఒక్క కేసు కూడా లేదు’ అనే జవాబే వస్తుంది.

శాస్త్రవేత్తలకు విడిగా ఒక మాట. మీలో చాలామందికి ఈ సంగతులన్నీ మాకంటే బాగా తెలుసు. మీ ప్రయోగాల ఫలితాలు ఇంగ్లిష్ పత్రికల్లో ఉన్నాయి, మా చేలల్లోకి రాలేదు. మా ప్రాంతంలో దొరికే స్ట్రెయిన్లలో విషాలు తక్కువగా ఉండి, పురుగు మీద బాగా పనిచేసేవి ఏవో చెప్పండి. అది మీరు తప్ప ఎవరూ చేయలేరు.

తయారీదారులకు కూడా చెబుతున్నాం. మీ సరుకు శుభ్రంగా ఉంటే ఈ పరీక్షల వల్ల మీకు లాభమే, ఆ రిపోర్టు చూపించి అమ్ముకోవచ్చు. రిపోర్టు చూపించే కంపెనీ సరుకే కొనాలని మా సంఘంలో ఇప్పటికే తీర్మానం చేశాం. పక్క మండలాల సంఘాలతోనూ మాట్లాడుతున్నాం.

మా యూనిట్‌లో తయారైన బవేరియా, మెటారైజియం శాంపిల్స్ మీరు చెప్పిన ల్యాబ్‌కు పంపడానికి సిద్ధంగా ఉన్నాం. ఫలితం బాగా రాకపోతే ఆ బ్యాచ్‌ను మేమే తగలబెట్టి, ఆ ఫలితాన్ని సంఘం బోర్డు మీద రాస్తాం. వచ్చే వానాకాలం మందులు షాపులకు దిగేలోపు పై తొమ్మిదింటిలో ఏవి చేస్తారో, ఏవి చేయలేరో, ఎందుకు చేయలేరో రాతపూర్వకంగా తెలపాలని కోరుతున్నాం. జవాబు రాకపోతే ఇవే ప్రశ్నలతో రెండు రాష్ట్రాల శాసనసభ్యులను, పార్లమెంటు సభ్యులను కలిసి సభలో అడగమంటాం.

ఇట్లు,
మిర్చి, పత్తి, మొక్కజొన్న రైతులు,
జీవ మందుల తయారీ సంఘం సభ్యులు,
ఖమ్మం జిల్లా